రాగి బిళ్ళకి సగం వడ్లు

వర్ధనమ్మగారికి అరవై ఎనిమిదేళ్ళు. ఎవరు ప్రశ్న అడిగినా ముందు చింతపండు వాళ్ళ ముందు పెట్టి గింజలు తీయమంటారు. మగవాళ్ళకైతే కాస్త ఎక్కువ పెడతారు.

ఆ రోజు శిష్యుడు ఉమాకాంతం వంతు. "అమ్మా, కొన్ని దేశాలు కలిసి ఒకే డబ్బు వాడుకుంటున్నాయి. ఇప్పుడా డబ్బుకే ముప్పు వచ్చింది. ఏ నాయకుడు సరిగ్గా నిలబడ్డాడో ఎలా తేల్చాలి? అందరి ఉపన్యాసాలూ చదివాను."

"చదివే ఉంటావులే," అని ఆవిడ చెప్పుకొచ్చారు.

గోదారి మధ్య మూడు లంకల్లో ఒకటే రాగి బిళ్ళ చెల్లేది. ఒక లంకకి పెద్దగా ఉన్నాయన రాగిలో సీసం కలిపి కొత్త బిళ్ళలు పోయించాడు. సంగతి బయటపడగానే బిళ్ళకి వడ్లు అమ్మేవాళ్ళు లేకపోయారు. ఎండుచేపలమ్మే పేరంటాలుకి ఏడాది సంపాదనంతా ఆ బిళ్ళల మూటే. వరదొచ్చి రేవు మునిగేలోగా ఇంటికి వడ్లు చేరకపోతే పిల్లలకి తిండి లేదు.

మూడు లంకల పెద్దలూ రేవులో సభ పెట్టారు. "బిళ్ళ మన పరువు! చెల్లి తీరుతుంది," అన్నాడు మొదటాయన. చప్పట్లు మోగాయి. పేరంటాలు మూట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మంచి మాట బాబూ. వడ్లు కొలిపించండి మరి."

"వడ్ల సంగతి ఆడవాళ్ళది. ఇంట్లో అడగాలి."

గాదె తాళం ఆడదాని చేతిలో ఉన్న ఇల్లు ఆ లంకల్లో ఒక్కటీ లేదు.

సీసం కలిపింది రెండో ఆయనే. కళ్ళు తుడుచుకుని, అందరం ఒక పూట పస్తుండి బిళ్ళని కాపాడుకుందామన్నాడు.

"మా ఇంట్లో ఆ పూట నిన్నే మొదలైంది బాబూ," అంది పేరంటాలు.

మూడో ఆయన మెడ గోక్కున్నాడు. "ఈ బిళ్ళ ఇక సగానికే చెల్లుతుంది. ఆ సగం నా గాదెలోంచి కొలుస్తా, రా." పరువు తీశావంటూ జనం కేకలేశారు. ఆయన ఇంటికెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ గాదె అడుగు కనబడేదాకా కొలిచాడు.

చింతగింజలు తీస్తున్న ఉమాకాంతం చెయ్యి ఆగింది. "సగమేగా ఇచ్చాడు! ఉపన్యాసం కూడా లేదు. ఆయనకి మార్కులెలా వేస్తాం?"

"ఆ సగంతోనే పేరంటాలు పిల్లలు వరద దాటారు. గింజలు తియ్యి."

"మరి పేరంటాలు?"

"మళ్ళీ ఎవరి బిళ్ళకీ చేప అమ్మలేదు. వడ్లు పోస్తేనే ఇచ్చింది. ఆ మూడో ఆయనకి కూడా."