మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త బండిలో చప్పుడు మొదలైంది. డ్రైవరు పక్క తలుపులో, గుంత వచ్చినప్పుడల్లా, టక్కుమని. ఎదుటివాడికి వినబడేంత చప్పుడు కూడా కాదు. విరూపాక్షాచారికి మాత్రం గుండెలో మేకు దిగినట్టుండేది.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో ఆయనకూ, తమ్ముడు నీలకంఠానికీ కలిపి ఒకే అంగడి. అమ్మా, ఇద్దరి భార్యలూ, పిల్లలూ అంతా ఒకే ఇంట్లో. ఏడు సీట్ల బండి కొన్నది కూడా అందరూ కలిసి తిరగాలనే. తీరా కొన్నాక అందులో ఎక్కి తిరిగింది విరూపాక్షాచారి ఒక్కడే.

బండితో వచ్చిన పుస్తకాన్ని ఆయన పారాయణం చేశాడు. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎనభై దాటకూడదు. ఒకే వేగంతో సాగదీయకూడదు. బ్రేకు గట్టిగా తొక్కకూడదు, బరువు ఎక్కువ వేయకూడదు. పుస్తకంలో లేనివి ఆయనే చేర్చాడు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయకూడదు, లోపల ఏమీ తినకూడదు, ఇంకొకరు తోలకూడదు. బరువు కింద కన్నతల్లిని కూడా లెక్కేశాడు మహానుభావుడు. అహోబిలం తీసుకుపోరా అని ఆమె అడిగితే, వెయ్యి కానీమ్మా అన్నాడు.

రోజూ పొద్దున్నే మైదుకూరు రోడ్డున ఒక్కడే పోయి వచ్చేవాడు. నలభై, అరవై, మళ్లీ యాభై. వచ్చాక పసిబిడ్డకు పౌడరు రాసినట్టు మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. వీధి వీధంతా నవ్వుకుంది.

ఒకరోజు ఎక్కి కూర్చుంటే సీటు కొంచెం వెనక్కి జరిగినట్టు అనిపించింది. అద్దం కూడా కాస్త పక్కకు తిరిగినట్టుంది. ఇంట్లో బండి తోలడం వచ్చినవాడు ఇంకొకడే. నీలకంఠం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతాడు. రెండో తాళంచెవి అమ్మ గదిలో వేలాడుతూ ఉంటుంది. ఇంకేం కావాలి? అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా. మీటరు చూశాడు, ఒక్క కిలోమీటరు తేడా లేదు. తేడా లేకపోతే మనసు కుదుటపడాలి కదా. పడలేదు. నిలబెట్టే ఇంజన్ రేజ్ చేస్తున్నాడేమో అనుకున్నాడు.

వాళ్ల నాయన బంగారం తూచడానికి వాడిన గురివింద గింజలు అంగట్లో పాత పెట్టెలో ఉన్నాయి. ఒకటి తెచ్చాడు. బండిని ఇంటి ఆవరణలో నిలిపి దిగేటప్పుడు, డ్రైవరు తలుపుకు లోపలి వైపు, అద్దం దిగే చోట ఉన్న రబ్బరు అంచు మీద ఆ గింజను ఉంచాడు. ఎవడైనా తలుపు తెరిస్తే గింజ పడిపోతుంది, దొంగ దొరికిపోతాడు. తలుపు మూసి, ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి తిరక్కుండా నడిచిపోయాడు.

నాలుగు రోజులు అద్దంలోంచి తొంగి చూస్తే గింజ కదల్లేదు. ఐదో రోజు పొద్దున ఆయన బండి పెడుతుంటే నీలకంఠం వచ్చి, "అన్నా, అమ్మ మళ్లీ అడుగుతాంది. ఈ ఆదివారమన్నా పోదామా?" అన్నాడు.

"నీకెందుకంత తొందర?" అని, గింజ పెట్టి, ధడాలున తలుపేసి పోయాడు విరూపాక్షాచారి.

సాయంత్రం చూస్తే గింజ లేదు. సీటు కిందా లేదు, నేల మీదా లేదు. ఆ మరునాటి నుంచే టక్కుమని చప్పుడు.

నెల తిరక్కుండా ఏడు గింజలు పోయాయి. గింజ పోయిన ప్రతిసారీ చప్పుడు ఇంకొంచెం పెరిగింది. షోరూమ్‌లో రెండుసార్లు చూపిస్తే, కొత్త బండి కదా సార్, అదే సర్దుకుంటుంది అన్నారు. వీళ్లు కూడా నీలకంఠంతో కలిశారా అని ఒక పూటంతా ఆలోచించాడు. చివరికి తమ్ముడితో ఒక్క మాట అడక్కుండానే పెద్దమనుషులకు కబురు చేశాడు. సోమవారం కూర్చోవాలి. అంగడి రెండు ముక్కలు, ఇల్లు రెండు ముక్కలు.

అమ్మ ఏడ్వలేదు. "పంచుకుందురు గానీ, ముందు ఇద్దరూ పోయి తాతను కలిసి రండి" అంది.

తాత అంటే బందగి సాయిబు. ముప్పై ఏళ్లు బొంబాయికి లారీ తోలి, ఆ తర్వాత ఊరి చివర ఒక పీరు సమాధి పక్కన రేకుల గదిలో కుదురుకున్న సూఫీ. మాట్లాడేది తక్కువ, టీ తాగేది ఎక్కువ. పదకొండేళ్లుగా ప్రతి గురువారం విరూపాక్షాచారి ఆయన దగ్గర కూర్చుంటాడు. ఆయన మాటంటే వేదవాక్కు.

గురువారం ఇద్దరూ పోయారు. అన్న బండిలో, తమ్ముడు వెనకాల స్కూటర్ మీద. వెయ్యి పూర్తి కాలేదు కదా మరి.

నీలకంఠం గది ముందు అరుగు మీద కూర్చుండిపోయాడు. విరూపాక్షాచారి తాతను బండి దాకా తీసుకుపోయి, గొంతు తగ్గించి అంతా చెప్పాడు. సీటు సంగతి, గింజల సంగతి, చప్పుడు సంగతి. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చేతులారా సాకినాను తాతా వాన్ని. ఏడుసార్లు! ఏడుసార్లు నాకు తెలీకుండా ఎక్కినాడు."

తాత టీ గ్లాసు కింద పెట్టాడు. ఎడమ పక్క తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు. కింద ప్లాస్టిక్ కవరు కరకరమంది.

"గింజ ఉందా?"

జేబులో ఉంది. తీశాడు.

"నువ్వు గూడా ఎక్కు. రోజూ ఎట్ట పెడతావో అట్ట పెట్టు. సోమవారం పెద్దమనుషుల ముందర మీ తమ్మునికి ఏం చెప్తావో అది మనసులో అనుకో. అనుకొని దిగు."

విరూపాక్షాచారి ఎక్కాడు. రబ్బరు మీద గింజ ఉంచాడు. మనసులో అనుకున్నాడు. మొహం ఎర్రబడింది. దిగి తలుపు వేశాడు. సమాధి మీది పావురాలు ఎగిరిపోయాయి.

"తలుపు తీ" అన్నాడు తాత లోపలి నుంచి.

తీశాడు. గింజ లేదు.

విరూపాక్షాచారి చూపు ముందు రబ్బరు మీదికి పోయింది, తర్వాత సీటు మీదికి. ఆ తర్వాత నెమ్మదిగా తాత చేతుల మీదికి పోయింది.

తాత రెండు అరచేతులూ తెరిచి చూపించాడు. ఖాళీ.

విరూపాక్షాచారి చటుక్కున చూపు దించుకున్నాడు. పదకొండేళ్లుగా కళ్లకద్దుకున్న చేతులు. వాటిని కూడా అనుమానంతో వెతికాడు.

"నీలకంఠం, లోపల గూట్లో నా స్క్రూడ్రైవరు ఉండాది, తే నాయనా" అని కేకేశాడు తాత.

దిగివచ్చి మూడు మరలు ఊడదీసి, డ్రైవరు పక్క తలుపు లోపలి అట్టను పాత డ్రైవరు ఒడుపుతో ఒక్క లాగు లాగాడు. తలుపు అడుగున ఎర్రగా గింజలు. ఒక్కొక్కటే ఏరి విరూపాక్షాచారి అరచేతిలో వేశాడు.

"ఎన్ని?"

"ఎనిమిది."

"ఒకటి ఇప్పుడు నా ముందర పడింది. అది తీసెయ్. మీ తమ్ముడు ఎన్నిసార్లు ఎక్కినాడంటివి?"

విరూపాక్షాచారి ఒక గింజను పక్కకు జరిపి మిగిలినవి లెక్కపెట్టాడు. ఏడు.

నీలకంఠం తొంగి చూశాడు. వాడికి ఈ గొడవేదీ తెలియదు.

"ఇవి నాయన గింజలు గదన్నా! పెట్టెలో తగ్గుతాండాయని చూస్తానే ఉంటి."

"చూసినావా? మరి నన్ను అడగల్యా?"

"అడిగేదేముంది? నువ్వేదో పనికి తీసుకున్యావులే అనుకుంటి."

విరూపాక్షాచారి తల వంచుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తాత ఆయన అరచేతిలోంచి ఒక గింజను తీసి, తిప్పి, నల్లటి వైపు పైకి వచ్చేలా మళ్లీ అక్కడే పెట్టాడు. వేళ్లు మూశాడు.

అట్ట బిగించాక, తాత తలుపు పట్టుకుని రెండు వేళ్లతో నెట్టాడు. అది చిన్న చప్పుడుతో మూసుకుంది.

"బండి మెల్లగా తోలమని పుస్తకంలో రాసినారు" అన్నాడు. "తలుపు మెల్లగా వేయమని మాత్రం రాసినట్టు లేదు."

టీ గ్లాసు తీసుకుని లోపలికి పోయాడు.

విరూపాక్షాచారి గింజలు జేబులో వేసుకున్నాడు. తర్వాత ఎడమ పక్కకు పోయి, సీటు మీది ప్లాస్టిక్ కవరును పర్రుమని చించి పారేశాడు. తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి, ఆ సీట్లో కూర్చున్నాడు.

"నేనా?" అన్నాడు నీలకంఠం. "వెయ్యి కాలేదు గదన్నా. స్కూటరో?"

"స్కూటర్‌ను తాత చూసుకుంటాడు. ఇంటికాడ ఆపు నీలా, అమ్మను ఎక్కించుకుందాం."

మీటరు మీద అప్పటికి ఎనిమిది వందల పన్నెండు.