బొప్పాయి కాడ

సూర్యకళ కాళ్ళు గురువుగారింటికి వచ్చాయి గానీ, మనసు ఇంట్లో కుట్టుమిషను దగ్గరే ఉండిపోయింది. మధ్యాహ్నం టౌను నుంచి ఒకాయన ఆటో తీసుకుని వస్తాడు, మిషను పట్టుకెళ్ళడానికి. మాట ఇచ్చేసింది. ఆ డబ్బుకి ఇంకొంత అప్పు కలిపి పెద్ద లెన్సు కొనాలి.

ఆమె గురువు పేరు అప్పలస్వామి. పేరులోనే స్వామి. కాషాయం లేదు, రుద్రాక్షలు లేవు. కెమెరా తాడు ఒరుసుకుని మెడ మీద పడిన నల్లటి చార మాత్రం ఉంది. పెళ్ళిఫొటోలు తీసి తీసి విసిగి, పిట్టల ఫొటోల్లో పడ్డాడు. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకి నేర్పేవాడు. మాటలు తక్కువ.

ఆ ఊరి చింతచెట్ల మీద ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కట్టేవి. పిల్లలు ఎగిరిపోయేదాకా కాలవగట్టు దాటి చెట్ల కిందికి ఎవరూ పోకూడదు. "పురిటిగదిలోకి చెప్పులేసుకుని పోతామా?" అనేవారు పెద్దలు. కాబట్టి ఎవరు ఫొటో తీసినా గట్టు మీంచే తీయాలి. సూర్యకళ కెమెరాతో వచ్చిన బుల్లి లెన్సులో కొంగ, కొమ్మ మీద ఎవరో ఆరేసిన జేబురుమాలులా ఉండేది.

గురువుగారి పెద్ద శిష్యుడు జోగారావు దగ్గర సొరకాయంత లెన్సుంది. దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరిగేవాడు.

"కొంటే ఇలాంటిది కొను చెల్లెమ్మా. మిగతావన్నీ గాజుపెంకులే. కొనలేవా, హాయిగా జాకెట్లు కుట్టుకో," అన్నాడొకసారి.

నవ్వుతూనే అన్నాడు. సూదిలా దిగింది.

అందుకే ఇవాళ వచ్చి, గురువుగారి ముందు నిలబడి, ఒక్క గుక్కలో చెప్పేసింది. "జోగన్నలాంటి లెన్సే కొంటున్నాను గురువుగారూ. మిషను అమ్మేస్తున్నాను. మీరు సరేనంటే చాలు."

గురువుగారు సరే అనలేదు, వద్దనలేదు. "నీకు ఏ ఫొటో కావాలమ్మా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఎండెక్కాక తల్లికొంగ రెక్కలు విప్పి పిల్లలకి గొడుగు పడుతుంది చూడండి. అది."

గురువుగారు లేచి పెరట్లోకి వెళ్ళాడు. బొప్పాయి చెట్టు నుంచి పొడుగాటి కాడొకటి కోశాడు. ఆకు తీసేసి, రెండు కొసలూ చెక్కాడు. లోపలంతా బోలు. చిన్నపిల్లలు బూర చేసి ఊదుకుంటారే, ఆ గొట్టం.

"పద," అన్నాడు, కత్తి జేబులో వేసుకుంటూ.

గట్టు మీద జోగారావు అప్పటికే తన లెన్సుకి మూడుకాళ్ళ స్టాండు బిగించి కూర్చున్నాడు. గురువుగారి చేతిలో కాడ చూసి, "ఏటి గురువుగారూ, ఇవాళ బూర వాయిస్తారా?" అన్నాడు.

గురువుగారు కాడను సూర్యకళకి ఇచ్చాడు. "ఒక కన్ను మూసి, గూడు చూడు."

ఆమె కంటికి ఆనించుకుంది. కొమ్మ తగిలింది, ఆకులు తగిలాయి, ఆకాశం తగిలింది. గూడు దొరకలేదు. దొరికేసరికి మెడ నొప్పెట్టింది.

"ఏటి కనిపిస్తోంది?"

"కొంగ తల."

"ఇంకా?"

"తలేనండీ. అది కదిలితే అదీ లేదు."

గురువుగారు కాడ తీసుకుని, జానెడు ముక్క కోసి పారేశాడు. మళ్ళీ ఇచ్చాడు.

"ఇప్పుడు?"

"తల, మెడ. ఒక రెక్క సగం."

ఇంకో ముక్క కోశాడు. జోగారావుకి నవ్వాగలేదు. "అలా కోసుకుంటూ పోతే చివరికి ఉంగరం మిగులుతుంది చెల్లెమ్మా, వేలికి పెట్టుకో!"

సూర్యకళ కాడ కంటికి పెట్టుకుంది. ఈసారి గూడంతా అందులో పట్టింది.

ఎండ బాగా ఎక్కింది. తల్లికొంగ గూటి అంచు మీద నిలబడి రెండు రెక్కలూ గొడుగులా విప్పింది. ఆ నీడలో మూడు తెల్లటి పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఒగురుస్తున్నాయి. ఇంతలో తండ్రికొంగ వచ్చి వాలింది. ముక్కు వంచి, గొంతులో మోసుకొచ్చిన నీళ్ళు పిల్లల మీద ధారగా పోసింది. ఎండలో ఆ ధార మెరిసింది.

"ఏటి కనిపిస్తోంది?"

ఆమె కాడ దించలేదు.

జోగారావు నవ్వు ఆగిపోయింది. "ఏదీ, ఇలా ఇవ్వు." కాడలోంచి చూశాడు. తన లెన్సులోంచి చూశాడు. మళ్ళీ కాడలోంచి చూశాడు. నెమ్మదిగా అన్నాడు, "నీళ్ళు పోస్తోందా! ఈ ఏడాదంతా నేను తీసినవి కళ్ళూ ముక్కులే గురువుగారూ. ఈ సంగతి నాకు అందనే లేదు."

"నీకు కళ్ళు కావాలి, కళ్ళు దొరికాయి," అన్నాడు గురువుగారు. "నీ మొదటి లెన్సు ఏం చేశావు?"

జోగారావు బుర్ర గోక్కున్నాడు. "బూజు పట్టకుండా గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టానండీ. మా ఆవిడ బియ్యం తీసినప్పుడల్లా తిడుతుంది."

"పట్రా."

బండి మీద వెళ్ళి తెచ్చాడు. చిన్నది, చేతిలో ఇమిడిపోయేది. గురువుగారు దాన్ని వెలుతురుకెత్తి, అటు నుంచీ ఇటు నుంచీ లోపలి అద్దాలు చూశాడు. బూజు లేదు. సూర్యకళ కెమెరాకి బిగించి, దాని గొట్టాన్ని చివరికంటా సాగదీసి ఇచ్చాడు.

ఆమె చూసింది. కోసి కోసి మిగిలిన కాడలో ఎంత కనిపించిందో, అంతే కనిపించింది.

"ఒక్క మాట గురువుగారూ," అన్నాడు జోగారావు, ఈసారి వేళాకోళం లేకుండా. "చెయ్యి వణికితే సర్దుకునే ఏర్పాటు దీనికి లేదు. మబ్బేస్తే చూపు ఆనదు. తీసిన ఫొటోలన్నీ అలుక్కుపోయాయని పక్కన పడేశాను. తెలిసి తెలిసి చెల్లెమ్మకి అంటగడితే పాపం."

"ఎండలోనే కదా గొడుగు పట్టేది," అన్నాడు గురువుగారు.

సూర్యకళ మోచేతులు పక్కలకి ఆనించి, ఊపిరి బిగపట్టింది. తల్లి మళ్ళీ రెక్కలు సర్దుకునేదాకా ఆగింది. నొక్కింది.

ముగ్గురూ తలలు కలిపి కెమెరా వెనక చూశారు. రెక్క అంచున ఈకకి ఈక విడివిడిగా ఉంది, అంచుకుట్టు వేసినట్టు. పిల్లల నోళ్ళలో ఎర్రదనం కూడా తెలుస్తోంది.

జోగారావు తన చేతులకేసి ఒకసారి చూసుకున్నాడు.

గురువుగారు అడిగాడు. "ఈ చెయ్యి ఇంత కుదురు ఎక్కడ నేర్చిందమ్మా?"

సూర్యకళ బొటనవేలితో, చూపుడువేలి మీది సూదిపోట్లు తడుముకుంది. గబగబా కెమెరా సంచిలో పెట్టుకుంది. "గురువుగారూ, నేను వెళ్ళాలి. ఆటో వచ్చేస్తుంది."

"లెన్సు ధర మాట్లాడుకోవా?" అని వెనకనుంచి అరిచాడు జోగారావు.

"నువ్వే చెప్పన్నా! జాకెట్ల మీద దాచింది నా దగ్గర కాస్త ఉంది."

"అది చాల్లే! కానీ మా ఆవిడ జాకెట్లు రెండు పండక్కి అందాలి, ముందే చెప్తున్నా!"

ఆమె ఇల్లు చేరేసరికి ఆటో వాకిట్లో ఉంది. టౌను ఆయన అరుగు మీదున్న మిషనుకి తాడు కట్టేశాడు. ఆటో డ్రైవరు ఒక పక్క ఎత్తి పట్టుకున్నాడు.

"దించండి బాబూ," అంది సూర్యకళ, ఒగురుస్తూ.

"ఏమ్మా, ధర తక్కువైందా?"

"లేదండీ. ఇవ్వను. మీ ఆటో ఖర్చు నేనిస్తాను, మాట తప్పినందుకు తిట్టండి, పడతాను. మిషను మాత్రం దించండి."

ఆయన గొణుక్కుంటూ తాడు విప్పాడు. మిషను నాలుగు కాళ్ళూ నేలకి ఆనాక, ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. చీరకొంగుతో మిషను మీద దుమ్ము తుడిచి, గుడ్డపేలికల మూటలోంచి మందపాటి ముక్కొకటి ఏరి సూది కింద పెట్టింది.

"అమ్మనన్నావు సరే, అంత తొందరగా ఏం కుడుతున్నావమ్మా?" అన్నాడాయన, ఆటో ఎక్కబోతూ.

"సంచండీ," అంది సూర్యకళ, తల ఎత్తకుండా. "లెన్సుకి."

ఆమె చేతుల కింద గుడ్డ గీత గీసినట్టు తిన్నగా నడిచింది.