తెడ్డుకు కట్టిన గుడ్డ

యిర్మీయా అయ్యగారిని ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. పాపమంటే ఏమిటండీ అని వెనకటికి ఎవరో అడిగితే గుడి వెనక బావిలో మూడు రోజులు పూడిక తీయించారట. అందుకని చినగెడ్డపాలెంలో తెలిసినవాళ్ళెవరూ ఆయన్ని ఏమీ అడగరు. సందేహాలుంటే ఇంట్లోనే పెట్టుకుంటారు. తీతు కొత్తవాడు గనక అడిగాడు.

తీతుది బొబ్బిలి వైపు మెట్ట ఊరు. బైబిలు ట్రైనింగు ముగించుకుని, అయ్యగారి దగ్గర ఏడాది సేవ నేర్చుకోమని పంపితే ఈ సముద్రపు ఒడ్డుకి వచ్చాడు. క్రిస్మస్‌కి ముందు కనిపెట్టుకుని ఉండే నాలుగు ఆదివారాల్లో మొదటిది తెల్లారితే వస్తుందనగా, శనివారం సాయంత్రం గుడి ముందు పొడుగాటి వెదురు పాతి, దాని కొసకి లోపల దీపం వెలిగే కాగితపు నక్షత్రం కట్టి, చేతులు దులుపుకుంటూ అయ్యగారి ముందు నిలబడ్డాడు. మర్నాడు సాయంత్రపు ఆరాధనలో అతని మొట్టమొదటి ప్రసంగం. ప్రభువు రాకడ గురించి. రాసుకున్నదంతా బాగానే ఉంది గానీ ఒక్క ముక్క మింగుడుపడటం లేదు.

"అయ్యగారూ, వస్తానని చెప్పి వెళ్ళి రెండు వేల ఏళ్ళయింది. ఇంకా మెలకువగా ఉండండని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అయ్యగారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. రెండు కళ్ళకీ శుక్లాలు. తుడిచినా తుడవకపోయినా ఆయనకి కనబడేది ఒకటే. "రేపు భోజనమయ్యాక ఒడ్డున దిబ్బ మీదికి వెళ్ళి నూకరత్నానికి బదులు కూర్చో. పాపం, ఆమెకి కాస్త నిద్ర కావాలి. ఆమె తిరిగొచ్చేదాకా కదలకు. వేళ మించిపోతే ప్రసంగం నేను చెప్పుకుంటాను" అన్నారు.

నూకరత్నం మొగుడు ఎల్లాజీ, అతని తమ్ముడు బుధవారం తెల్లారి వేటకి వెళ్ళారు. మధ్యాహ్నానికి ఈదురుగాలి లేచింది. మిగిలిన పడవలన్నీ పడుతూ లేస్తూ ఇంటికి చేరాయి, వీళ్ళది చేరలేదు. రెండు పడవలు వెళ్ళి వెతికి వచ్చాయి. ఆఫీసర్లకి ఫోన్లు చేశారు. శనివారానికల్లా సంఘ పెద్దలు ఒక నిర్ణయానికి వచ్చేశారు. సోమవారం జ్ఞాపకార్థ కూడిక పెట్టాలని, ఎల్లాజీ ఫొటో ఒకటి పెద్దది చేయించాలని అనుకున్నారు. ఆ మాట నూకరత్నం చెవిన పడింది. ఆమె మాత్రం బుధవారం ఎక్కిన దిబ్బ దిగలేదు.

ఆ తీరానికి రేవు లేదని ఇక్కడ చెప్పుకోవాలి. పడవ ఇసుకకి తగలాలంటే ముందు విరిగే కెరటాల వరస దాటాలి. వెనకనుంచి లేచి వచ్చే కెరటం పడవలో ఉన్నవాడికి సరిగ్గా కనబడదు, దిబ్బ మీద ఉన్నవాడికి కనబడుతుంది. అందుకని ఎవరి పడవ రావలసి ఉంటే వాళ్ళింటి మనిషి ఎర్రగుడ్డ పట్టుకుని దిబ్బ మీద ఉంటారు. గుడ్డ ఎత్తితే ఆగమని, దించితే రమ్మని. తాతలనాటి పద్ధతి. పడవవాడు తన కళ్ళనైనా నమ్మడు గానీ ఆ గుడ్డని నమ్ముతాడు.

ఆదివారం తీతు వెళ్ళేసరికి నూకరత్నం ఇసుకలో పడవ తెడ్డు పాతి, దాని నీడంత నీడలో కూర్చుని ఉంది. నాలుగు రోజుల ఉప్పుగాలికి మొహం నల్లబడిపోయింది. అతన్ని చూసి ముందు వద్దంది. అయ్యగారి మాట అని చెబితే, లేచి గుడ్డ అతని చేతికిచ్చింది.

"మూడు పెద్ద కెరటాలు వొరసగా వొస్తాయి బాబూ. నాలుగోది సచ్చిపోయి వొస్తాది. అప్పుడు దించాల, అంతవరకు ఎత్తే ఉంచాల. నాను వొచ్చీవరకు కన్ను తియ్యకు."

తీయనన్నాడు. ఆమె రెండడుగులు వేసి మళ్ళీ తిరిగి చూసింది. అతను సముద్రం వైపే చూస్తున్నాడని తేల్చుకున్నాక ఇంటికి వెళ్ళింది.

తీతు మంచి కుర్రాడు. ఓ అరగంట రెప్ప వాల్చకుండా చూశాడు. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, ఒక్క కాకి కూడా లేదు. ఎండకి కళ్ళు మండాయి. బైబిలులోంచి ప్రసంగం కాగితాలు తీసి ఒకసారి చూసుకుందామనుకున్నాడు. ఏ క్షణాన వస్తాడో తెలియని ప్రభువు కోసం ఎలా కనిపెట్టుకుని ఉండాలో అందులో చక్కగా రాసి ఉంది. చదువుతూ చదువుతూ సముద్రం సంగతే మరిచిపోయాడు. నవ్వుకోకండి, మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం.

ఇంతలో మొదటి గంట మోగింది. ఆదివారం గంట వినబడితే ఆ ఊళ్ళో ఒడ్డంతా ఖాళీ అయిపోతుంది. సగం కుట్టిన వల సగంలోనే ఉండిపోతుంది. తీతు దిబ్బ మీంచి చూస్తుండగానే జనం ఒక్కొక్కరుగా గుడివైపు నడిచిపోయారు. నూకరత్నం రాలేదు. వేళ మించిపోతే నేను చెప్పుకుంటానని అయ్యగారు అన్న మాట గుర్తుంది. కానీ ఇది మొదటి ప్రసంగం. వెళ్ళకపోతే, కుర్రాడు భయపడి దిబ్బెక్కి దాక్కున్నాడని పెద్దలు చెవులు కొరుక్కుంటారు. నాలుగు రోజులు రానివాళ్ళు ఈ గంటలోనే ఊడిపడతారా? ఆమె ఈపాటికి లేచే ఉంటుంది, దారిలోనే ఉంటుంది. ఇలా తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. రెండో గంట మోగేసరికి ఎర్రగుడ్డని తెడ్డు కొసకి కట్టాడు. గాలికి ఊడకుండా రెండు ముళ్ళు వేశాడు. ఒకవేళ వచ్చినా, మన కోసం ఎవరో చూస్తున్నారని వాళ్ళకి తెలుస్తుందిలే అనుకున్నాడు. ఆ ఉపాయం తట్టినందుకు కాస్త సంతోషం కూడా వేసింది.

గుడిలో అప్పటికే పాట ఎత్తుకున్నారు. ముందు వరసలో కూర్చున్న అయ్యగారు అడుగుల చప్పుడుకి తల తిప్పి, "ఎవరూ, తీతూనా?" అన్నారు. పాట హోరులో వినబడనట్టు అతను ఆయన్ని దాటిపోయాడు. నూకరత్నం దిబ్బ మీదికి వచ్చేసిందనుకున్నారు కాబోలు, అయ్యగారు ఇంకేమీ అడగలేదు.

ఆ గుడి తలుపు సముద్రానికి ఎదురుగా ఉంటుంది. జనమంతా దానికి వీపు పెట్టి కూర్చుంటారు, ప్రసంగం చెప్పేవాడొక్కడే సముద్రం వైపు తిరిగి ఉంటాడు. తీతు మొదట తడబడ్డాడు, తర్వాత గొంతు పెగిలింది. పావుగంట గడిచేసరికి బాగా ఊపులో ఉన్నాడు. ముసలమ్మలు తలలూపుతున్నారు. ఆయన వచ్చేవేళకి మనం ఎక్కడ ఉంటాం అని అడుగుతూ చెయ్యి ఎత్తి తలుపు వైపు చూపించాడు.

దూరంగా దిబ్బ మీద ఎర్రగుడ్డ రెపరెపలాడుతోంది. దాని అవతల, నురగకి అవతల, నల్లటిదేదో పైకి తేలి, మునిగి, మళ్ళీ తేలింది.

వచ్చారు! అనుకున్నాడు. గుండె సంతోషంతో ఎగిరింది. మరుక్షణం చూపు గుడ్డ మీదికి మళ్ళింది. గుడ్డ ఎత్తి ఉంది. తను కట్టిన దగ్గర్నుంచీ ఎత్తే ఉంది. ఎంతసేపటినుంచి ఆ పడవ అక్కడ ఆగి ఉందో! ఆగమన్నది తనే.

"పడవ" అన్నాడు. ఆ ఒక్క మాటే వచ్చింది. కాగితాలు అక్కడే వదిలేసి, కూర్చున్నవాళ్ళ మధ్యనుంచి పరిగెత్తాడు. వెనకాల గుడంతా లేచింది.

అతను దిబ్బ ఎక్కేసరికి అటువైపునుంచి నూకరత్నం జుట్టు విరబోసుకుని ఎక్కుతోంది. పడవని చూసింది, తెడ్డుని చూసింది, అతని మొహం చూడలేదు. తెడ్డు పీకి కింద పడేసి గుడ్డ లాగింది. ముడి రాలేదు. రెండో ముడి ఉప్పుగాలికి బిగుసుకుపోయింది. గోళ్ళతో పీకి, చివరికి పళ్ళతో కొరికి ఊడదీసింది. తీతు అది చూస్తూ నిలబడ్డాడు, తన వేళ్ళు తనే నరుక్కోవాలనిపించింది.

గుడ్డ చేతిలోకి రాగానే ఆమె దించుతుందనుకున్నాడు. ఆమె మళ్ళీ పైకెత్తింది. కింద జనం ఊపిరి బిగబట్టారు. పడవ వెనక సముద్రం గోడలా లేచి, పడవని ఎత్తి, ముందుకొచ్చి విరిగింది. రెండోది అంతకన్నా పెద్దది, ఆ దెబ్బకి లంగరు తెగినట్టుంది, పడవ పక్కకి తిరిగిపోయింది. ఎవరో ఆడమనిషి ఏడ్చింది. నూకరత్నం గుడ్డ దించలేదు. మూడోది విరిగింది. ఆమె గుడ్డ దించింది.

పడవ నాలుగో కెరటం వీపు మీద ఒడ్డుకి వచ్చి పడింది. ముప్ఫై చేతులు దాన్ని ఇసుకలోకి ఈడ్చాయి. తమ్ముడికి స్పృహ సగమే ఉంది. ఎల్లాజీ పెదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి. పెళ్ళాం నోట్లో నీళ్ళు పోస్తే రెండు గుక్కలు మింగి, ఇంజను పోయిందని, చెక్కలతో తోసుకొచ్చామని చెప్పాడు. ఎంతసేపయింది వచ్చి, అని ఆమె మెల్లగా అడిగింది.

"సేపయినాది. గుడ్డ ఎత్తే ఉంది. లంగరు తాడు తెగిపోతంది, ఒడ్డుకి పోయి పడదాం అంటాడు తమ్ముడు. ఆగరా, గుడ్డ కింద మనోలున్నారు, సూస్తన్నారు అన్నాను."

నూకరత్నం ఆ పగిలిన పెదాలు చెంగుతో తుడిచింది. తలెత్తి తీతుని ఒక్కసారి చూసి, మళ్ళీ మొగుడికి నీళ్ళు పట్టింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదని అతను తర్వాత చెప్పుకున్నాడు.

పొద్దు వాలాక తీతు గుడి ముందు అరుగు మీద అయ్యగారి కాళ్ళ దగ్గర కూలబడి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఎల్లాజీ అన్న మాట చెప్పేటప్పుడు ఏడుపు ఆగలేదు. తిట్టండి అయ్యగారూ అన్నాడు. ఆయన తిట్టలేదు. ఏదో వింటున్నట్టు చెవి ఒగ్గారు. పైన గాలికి కాగితం చప్పుడవుతోంది.

"నువ్వు కట్టిన నక్షత్రం ఇంకా ఉందా?" అని అడిగారు.

ఉందన్నాడు.

"ఎంత దూరం కనబడుతుంది?"

నిన్న రాత్రి వేటకి వెళ్ళినవాళ్ళకి కూడా కనబడిందట అన్నాడు తీతు.

అయ్యగారు ఆ చప్పుడు వైపు మొహం ఎత్తారు.

"దాని కింద ఎవరున్నారు, తీతూ?"