చినదొరకు ఏడు రోజులు

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం రాగానే ఎండిపోయే వాగు ఒకటి ఉండేది. పైకి చూస్తే ఉత్త ఇసుక. ఇసుక కింద మాత్రం చల్లటి నీళ్లు. ఆ నీళ్లు కావాలంటే లోతుగా చెలమ తవ్వాలి. అంత లోతు తవ్వడం ఏనుగులకే చేతనయ్యేది. అవి కాళ్లతో తవ్వి, తొండాలతో ఇసుక ఎత్తిపోసేవి. ముందు తాము తాగి, తర్వాత అందరినీ తాగనిచ్చేవి.

అందుకే ఆ అడవిలో ఏనుగులంటే అందరికీ గౌరవం. గౌరవంతో పాటు భయం కూడా. అందులో గౌరవమెంతో, భయమెంతో ఎవరూ విడదీసి చూసుకోలేదు.

ఏనుగుల మందకు పెద్ద దొరసానమ్మ. ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. అడవంతా వాణ్ణి చినదొర అని పిలిచేది. పదమూడేళ్లవాడు. అప్పుడప్పుడే దంతాలు బయటికి వస్తున్నాయి. వాడు నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్లే పక్కకు తప్పుకునేవాళ్లు. పనసపండు కనిపిస్తే అత్తలు ఒలిచి, తొనలు నోట్లో పెట్టేవాళ్లు. "వద్దు" అనే మాట వాడి చెవిన ఎప్పుడూ పడలేదు. అంత పెద్ద చెవులుండి కూడా!

ఒక ఏడాది ఇప్పపూలు విరగబూశాయి. రాలిన పూలు ఎండకు పులిసి ఘాటు వాసన కొడుతున్నాయి. అవి తింటే మత్తెక్కుతుందని అడవిలో పసిపిల్లలకు కూడా తెలుసు. చినదొర ఒక చెట్టు కింద తిన్నాడు. రెండో చెట్టు కింద తిన్నాడు. మూడో చెట్టు కింద తింటుండగా వాడికి కొండలు ఊగుతున్నట్టనిపించింది. నవ్వొచ్చింది. ఘీంకరిస్తూ పచ్చికలో అడ్డదిడ్డంగా పరుగు తీశాడు.

ఆ పచ్చికలోనే నూకాలు అనే కౌజుపిట్ట గూడు ఉంది. నేలమీద గూడు. అందులో నాలుగు రోజుల పిల్లలు నాలుగు.

"బాబూ, ఆగు! చినదొర బాబూ, ఇటు కాదు!" అని నూకాలు గొంతు చించుకుని అరిచింది.

వాడు ఆగలేదు. నాలుగు పిల్లల్లో మూడు వాడి కాలికింద పడ్డాయి. నాలుగోది గడ్డి దుబ్బులోకి దొర్లి బతికింది. వాడికి అదేమీ తెలియదు. వాగులోకి పోయి ఇసుకలో పడుకుని నిద్రపోయాడు. లేచేసరికి చుట్టూ జంతువులన్నీ నిలబడి ఉన్నాయి.

"ఏమైంది?" అని అడిగాడు.

అవి ఒడ్డున ఉన్న చదును రాయి వైపు దారి చూపించాయి.

ఆ అడవిలో తీర్పులు చెప్పేది ఎలుగుబంటి బూరయ్య. పెద్దవాడు, మంచివాడు. వాగు ఒడ్డున చదును రాయి మీద కూర్చుని తగవులు తీర్చేవాడు. అంతకు ముందు ఏడాది ఒక అడవిపంది పిల్ల ఆటలో నెమలి గుడ్డు ఒకటి పగలగొట్టింది. బూరయ్య ఆ పిల్లను ఎండాకాలమంతా రాతిదొడ్డిలో ఉంచమన్నాడు. రాతిదొడ్డి అంటే మూడు పక్కల కొండరాళ్లు. నాలుగో పక్క పెద్ద బండ అడ్డం పెడతారు. ఆ బండను దొర్లించాల్సింది కూడా ఏనుగులే.

నూకాలు రాయి ముందుకొచ్చింది. "తాతా, నా బిడ్డలు ముగ్గురు పోయారు. నువ్వే చెప్పు" అంది. 

దొరసానమ్మ తొండం ఊపింది. "బూరయ్యా, మా వాడు కావాలని చేశాడా? వాడికి ఇది తప్పని ఎవరైనా చెప్పారా? ఎవరూ చెప్పలేదు. గారాబంగా పెరిగిన పిల్లాడు. తెలియనివాణ్ణి దొడ్డిలో పెడతావా? పెడితే పెట్టు. మా మంద ఈ అడవిలో ఉండదు."

బూరయ్య చెలమ వైపు చూశాడు. జంతువులన్నీ చెలమ వైపు చూశాయి. వేసవి ఇంకా మొదట్లోనే ఉంది.

బూరయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "వాడికి తెలియదన్న మాట నిజమే అనిపిస్తోంది" అన్నాడు చివరికి. "దొడ్డి వద్దు. వానలు పడేదాకా మూడు కట్టుబాట్లు పెడుతున్నాను. ఒకటి, ఇప్పచెట్ల కిందికి పోకూడదు. రెండు, రోజూ పొద్దున ఉడుము గట్టయ్యకు కనిపించి రావాలి. మూడు, కొండ దాటి పోకూడదు. ఇందులో ఏది తప్పినా ఏడాది పాటు రాతిదొడ్డే."

పంది పిల్ల తల్లి గుంపులో వెనక నిలబడి ఉంది. ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. గుడ్డు ఒకటైతే దొడ్డి, పిల్లలు మూడైతే కట్టుబాట్లు. లెక్క తనకే సరిగా రావడం లేదేమో అనుకుంది పాపం.

ఉడుము గట్టయ్య ముసలివాడు. మెల్లగా నడుస్తాడు. కానీ ఉడుంపట్టు సంగతి మీకు తెలుసుగా! చినదొర ఇరవై రోజులు పొద్దున్నే వచ్చి ఆయనకు కనిపించాడు. ఆవులిస్తూ వచ్చేవాడు, ఆవులిస్తూ పోయేవాడు.

"నూకాలును ఎప్పుడైనా కలిశావా బాబూ?" అని ఒకరోజు గట్టయ్య అడిగాడు.

"కలవమని కట్టుబాట్లలో లేదుగా తాతా!" అన్నాడు చినదొర. వాడు వెటకారంగా అనలేదు. నిజంగానే అన్నాడు. 

ఇరవై ఒకటో రోజు కోతులు ఇప్పచెట్టెక్కి గంతులేస్తూ చినదొరను పిలిచాయి. వాడు వెళ్లాడు, తిన్నాడు, తూలాడు. అది ఒక కాకి చూసింది. కాకి చూసిందంటే అడవంతా చూసినట్టే.

సంగతి దొరసానమ్మ చెవిన పడింది. ఆమె కొడుకును తిట్టలేదు. "ఏడాది దొడ్డిలో ఉండగలవా నువ్వు? నీకు ఇరుకంటే పడదు" అంది. తెల్లారకముందే వాణ్ణి వెంటబెట్టుకుని కొండ దాటేసింది. దారిలో వాడి మొహానికీ చెవులకీ తెల్ల సుద్దమట్టి పులిమింది, ఎవరూ గుర్తుపట్టకూడదని.

"అమ్మా, మనం ఎందుకు పోతున్నాం? నేను తప్పు చేశానా?" అని అడిగాడు చినదొర.

"నువ్వేం చేయలేదు బంగారం."

"మరి పారిపోవడమెందుకు?"

"నోరు మూసుకుని నడువు" అంది దొరసానమ్మ. వాణ్ణి ఆమె అలా కసురుకోవడం అదే మొదలు.

ఇక్కడ అడవిలో పెద్దది లేని మంద చెలమ వైపు కన్నెత్తి చూడలేదు. "అక్క వచ్చి చెబితే గాని మేం తవ్వం" అన్నాయి ఆడ ఏనుగులు. గాలికి ఇసుక కొట్టుకొచ్చి మూడు రోజుల్లో చెలమ పూడిపోయింది. లేళ్లు తడి ఇసుకను నాకాయి. కుందేళ్లు వేళ్లు తవ్వుకుని నమిలాయి. నూకాలు పిల్ల నోరు తెరిచి పడుకుంది.

"దొరసానమ్మ తిరిగొస్తే బాగుండు" అనేసింది నూకాలు. అన్నాక ఉలిక్కిపడింది. తన బిడ్డల్ని తొక్కినవాణ్ణి వెంటేసుకుని పోయిన తల్లి రావాలని తనే కోరుకుంటోంది! తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపం ఎటు తిప్పాలో కూడా తెలియలేదు.

గట్టయ్య మాత్రం కొండెక్కాడు. పదకొండు రోజులు నడిచాడు. కొండకవతల ఒక చెరువు గట్టున లకుముకి పిట్ట కనిపించింది.

"అమ్మాయీ, కొత్త ఏనుగు ఏదైనా వచ్చిందా ఈ పక్కకి?" అని అడిగాడు.

"తల్లితో పాటు తెల్ల మొహం ఏనుగొకటి వచ్చింది తాతా. వింత ఏనుగు. తల్లి మేత వెతకడానికి పోతే, పనసపండు ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంటుంది. ఎవరైనా వచ్చి ఒలిచి పెట్టాలట!"

గట్టయ్య నవ్వుకుని అటు నడిచాడు. చెట్టు కింద సుద్దమట్టి మొహంతో చినదొర కూర్చుని ఉన్నాడు. ముందు పనసపండు. గట్టయ్య వెనకనుంచి వెళ్లి వాడి తోక పట్టుకున్నాడు. వాడు విదిల్చాడు, గెంతాడు, చెరువులో మునిగాడు. పట్టు వదలలేదు. దొరసానమ్మ పరుగున వచ్చి తొండంతో లాగినా వదలలేదు. ఆ పక్క ఏనుగులేమో అప్పటికే వాళ్లను తమ మేతకు రానివ్వడం లేదు. చేసేది లేక ఇద్దరూ ఇంటిదారి పట్టారు. తోకకు గట్టయ్య వేలాడుతూనే ఉన్నాడు.

వాళ్లు వస్తున్నారని తెలిసి అడవంతా వాగు దగ్గర చేరింది. మొహం మీదే నాలుగు మాటలు అడిగేద్దామని అందరూ అనుకున్నారు. అడవిపంది అయితే మాటలు కూడా వెతికి పెట్టుకుంది. దొరసానమ్మ ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా వాగులో దిగి తవ్వడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నీళ్లూరాయి. లేళ్లు తాగాయి, కుందేళ్లు తాగాయి. నూకాలు పిల్లను తీసుకొచ్చి తాగించింది. బూరయ్య కూడా కడుపు నిండా తాగాడు. తాగాక ఎవరికీ నోట మాట పెగల్లేదు.

బూరయ్య రాయి ఎక్కాడు. మూతి ఇంకా తడిగానే ఉంది.

"చినదొర కట్టుబాటు తప్పాడు. పారిపోయాడు. అందుకని రాతిదొడ్డిలో" అంటూ ఆగి, చెలమ వైపు చూసి, "ఏడు రోజులు" అన్నాడు.

"ఏడాది అన్నావు కదా తాతా?" అంది అడవిపంది.

"అన్నాను. కానీ పిల్లాడు... వయసు చిన్నది... తిరిగి వచ్చాడు కూడా" అన్నాడు బూరయ్య. తిరిగి రాలేదు, గట్టయ్య పట్టుకొచ్చాడని ఆయనకూ తెలుసు.

అప్పుడు నూకాలు మెల్లగా అడిగింది. "తాతా, నాకు లెక్కలు రావు. నా ముగ్గురు బిడ్డలకి రెండేసి రోజులైతే ఆరు. ఆ ఏడో రోజు దేనికి?"

"పారిపోయినందుకు" అన్నాడు బూరయ్య. అనేసి నేల చూపులు చూశాడు.

ఏనుగులే బండ దొర్లించి చినదొరను దొడ్డిలో పెట్టాయి. రోజూ దొరసానమ్మ రాళ్ల మీదుగా తొండం చాచి పనస తొనలు అందించేది. గట్టయ్య బయట కాపలా కూర్చునేవాడు.

మూడో రోజు చినదొర తొనలు తినలేదు. "తాతా, నేను తప్పు చేశానా?" అని అడిగాడు.

"చేశావు బాబూ."

"అమ్మ చేయలేదంటోంది. బూరయ్య తాత చేశాననే చెప్పి ఏడు రోజులే ఇచ్చాడు. పంది పిల్లకేమో ఎండాకాలమంతా అట. అంటే నాది గుడ్డుకన్నా చిన్న తప్పా?"

 "నాకు పట్టుకోవడం తెలుసు గాని బాబూ, కొలవడం తెలియదు" అన్నాడు గట్టయ్య.

ఏడో రోజు బండ తొలిగింది. బయట ఏనుగులు ఘీంకరించి సంబరం చేసుకున్నాయి. ఆ సంబరం మధ్యలోంచి అడవిపంది బూరయ్య రాయి దగ్గరికి వచ్చింది. వెంట దాని పిల్ల ఉంది.

"తాతా, నేను తగవుకు రాలేదు. వీడు అడుగుతున్నాడు, నాకు చెప్పడం తెలియడం లేదు. నువ్వే చెప్పు వీడికి" అంది.

పంది పిల్ల ముట్టె ఎత్తి, "నేను కూడా చిన్నవాణ్ణే కదా తాతా?" అంది.

బూరయ్య ఆ పిల్లను చూశాడు.  "చిన్నవాడివే నాయనా" అన్నాడు.  ఆయన రాయి దిగాడు. దిగి, అడవిలోకి నడిచి వెళ్లిపోయాడు. మర్నాడు తగవు చెప్పించుకోవడానికి వచ్చిన కుందేళ్లకు ఖాళీ రాయి కనిపించింది. మంచిపని చేశాడని కొందరన్నారు. కష్టకాలంలో వదిలేసి పోయాడని కొందరన్నారు. ఏది నిజమో ఇవాళ్టికీ తేలలేదు.

చినదొర సంబరంలో నిలవలేదు. పచ్చికలోకి వెళ్లాడు. నూకాలు గింజలు ఏరుకుంటోంది. వాణ్ణి చూసి రెక్కలు ముడుచుకుని నిలబడిపోయింది.

"పిన్నీ" అన్నాడు వాడు. ఒక పిట్టను అలా పిలవడం వాడికి కొత్త. "నాకు ఎన్ని రోజులు వేసి ఉండాల్సింది?"

"నాకేం తెలుసు బాబూ! నువ్వు దొడ్డిలో ఉన్నన్ని రోజులూ నా బిడ్డలు రాలేదు. నూరేళ్లున్నా రారు."

"మరి నేనేం చేయాలి?"

నూకాలు జవాబు చెప్పేలోపు చినదొర ఇంకో అడుగు ముందుకు వేయబోయాడు. "ఆగు!" అని అరిచింది నూకాలు. ఈసారి వాడికి వినిపించింది. కాలు గాల్లోనే ఆగిపోయింది. తల వంచి కిందికి చూశాడు. గడ్డిలో బుల్లి కౌజు పిల్ల, మిరియపు గింజంత కళ్లతో వాడి అరికాలి వైపు చూస్తోంది.

వాడు పిల్లను చూశాడు. తన కాలును చూసుకున్నాడు. ఇంత పెద్దదా తన కాలు? పుట్టి పదమూడేళ్లయినా వాడు దాన్ని ఎప్పుడూ చూసుకోలేదు. ఈ పిల్ల ఒకటి. అలాంటివి మూడు. 

"పిన్నీ, కాలు ఎక్కడ పెట్టను?" అన్నాడు.

"బంగారం, రారా! ఇంకా అక్కడేం చేస్తున్నావు?" అని వాగులోంచి దొరసానమ్మ పిలుస్తోంది.

వాడు కదలలేదు. కౌజు పిల్ల గడ్డి దాటి తల్లి రెక్క కిందికి చేరుకున్నా, కాలు దించడానికి వాడికి ధైర్యం చాల్లేదు. మూడు కాళ్ల మీద అలాగే నిలబడ్డాడు. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డి మీద పడ్డాయి. నూకాలు వాణ్ణి ఊరడించలేదు, పొమ్మని కూడా అనలేదు. పిల్లను రెక్క కింద పొదువుకుని చూస్తూ కూర్చుంది.

నీతి: గారాబంతో తప్పును దాచిన తల్లీ, భయంతో శిక్షను తగ్గించిన పెద్దా, ఇద్దరూ బిడ్డకు మేలు చేసినవాళ్లు కారు, బిడ్డకైనా బలవంతుడికైనా తన తప్పు తన కంటికి కనిపించినప్పుడే బుద్ధి మొదలవుతుంది.