నది దాటిన రేచుకుక్కలు

పిల్లలూ, నల్లగుట్ట అడవిని రేచుకుక్కలు ఏలిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. రేచుకుక్కలంటే ఎర్రటి ఒళ్లు, గుబురు తోక ఉండే అడవికుక్కలు. వాటి రాజు పేరు దండుడు. మంచి బలవంతుడు. మందలో అందరికన్నా పెద్దది అతని మేనత్త మాచమ్మ.

ఒక వేసవిలో గుట్ట మీద జింకలు తగ్గిపోయాయి. దండుడు మందను తీసుకెళ్లి కిందనున్న వెదురులోయను గెలిచాడు. అందరికీ కడుపు నిండింది. అక్కడ నలుగురిని కాపలా ఉంచాడు. లోయ నుంచి కబురు ఒక్క పూటలో వచ్చేది.

మరుసటి ఏడు టేకుమిట్టను గెలిచాడు. అక్కడి నక్కలు తల వంచి, వేటలో సగం ఇస్తామన్నాయి. ఆ మిట్టకు పదిమంది కాపలా కావలసి వచ్చారు. అక్కడి నుంచి కబురు రావాలంటే రెండు రోజులు.

మరో రెండేళ్లకు దండుడి కన్ను నది అవతలి గడ్డిమైదానం మీద పడింది.

"వద్దురా దండూ," అంది మాచమ్మ. "ఇప్పుడు మనకి తిండికి లోటు లేదు కదా. గెలిచిన చోటల్లా మనవాళ్లను వదిలేసి వస్తున్నావు. ఇక గుట్ట మీద మన కూనలుండే గుహల దగ్గర ఎవరుంటారు?"

"ఇంత పెద్ద రాజ్యం మీదికి ఎవరొస్తారత్తా?" అని నవ్వాడు దండుడు. "ఆ మైదానం కూడా మనదైతే ఇక ఎవరికీ భయపడక్కర్లేదు."

లోయ కాపలావాళ్లతో సహా మిగిలిన బలగాన్నంతా వెంటబెట్టుకుని నది దాటాడు. మైదానం గెలిచాడు. కానీ ఆ గడ్డి చివర మరో అడవి ఉంది. అందులో మరో శత్రువు ఉన్నాడు. దండుడు ఇంకా ముందుకు వెళ్లాడు.

ఒకరోజు నల్లగుట్ట నుంచి ఓ రేచుకుక్క రొప్పుతూ వచ్చి పడింది.

"రాజా! దుమ్ములగొండులు గుహల మీద పడ్డాయి. నేను బయలుదేరి ఐదు రోజులైంది."

దండుడు మందతో వెనక్కి పరుగెత్తాడు. ఎంత పరుగెత్తినా ఇంకో ఐదు రోజులు పట్టింది.

అప్పటికే దుమ్ములగొండులు వెళ్లిపోయాయి. ఇరుకైన గుహ వాకిట్లో మాచమ్మ ఒళ్లంతా గాయాలతో పడి ఉంది. మూడు రోజులు ఆ వాకిలికి అడ్డంగా నిలబడిందట. నేను వద్దన్నానే అని ఆమె అనలేదు.

"లోపలికెళ్లి చూడరా. కూనలన్నీ క్షేమం," అంది. ఆ సాయంత్రమే ప్రాణం వదిలింది.

మూడు రోజులు దండుడు ఏమీ తినలేదు. నాలుగోరోజు మందను పిలిచాడు.

"మైదానం వదిలేద్దాం. మిట్టను నక్కలకే ఇచ్చేద్దాం. మనకి గుట్ట, లోయ చాలు."

"గెలిచింది వదులుకుంటే అడవంతా నవ్వదా రాజా?" అంది ఒక రేచుకుక్క.

"నవ్వనీ," అన్నాడు దండుడు. "నవ్వుతో మన కూనలకు ప్రమాదం లేదు."

కాపలావాళ్లంతా ఇళ్లకు వచ్చారు. చుక్కడు అనేవాడు మిట్ట మీద ఆరు నెలలు ఉండిపోయాడు. వాడు వెళ్లాక పుట్టిన వాడి కూన వాణ్ణి చూసి గుర్రుమంది. చుక్కడు కాస్త దూరంలో పడుకున్నాడు. ఎండ తగ్గే వేళకు ఆ కూన మెల్లగా వచ్చి, వాసన చూసి, వాడి పొట్టకు ఆనుకుని నిద్రపోయింది.

నీతి: కాపాడుకోగలిగినంత వరకే మనది. అంతకు మించి గెలవబోతే ఉన్నదానికే ముప్పు వస్తుంది.