మూడు దారాల ఎద్దు

ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు గురుపాదస్వామికి లేదు. ముందు ఏదో ఒక పని చెప్పేవారు. అందుకే ఆ మఠానికి ప్రశ్నలు తక్కువగా వచ్చేవి.

శిష్యుడు కొట్రప్పకు మాత్రం అడగక తప్పలేదు. కొడుకూ కూతురూ పుణేలో హాస్టల్లో ఉండి చదువుతున్నారు. వాళ్ల ఫీజులకు దాచిన డబ్బంతా ఒక కంపెనీ బాండ్లలో పెట్టాలని అతని ఆలోచన. పిల్లలు ఫోనెత్తకపోతే వార్డెన్‌కు, వార్డెన్ ఎత్తకపోతే వాచ్‌మన్‌కు చేసే మనిషి, ఊరికే పెడతాడా? ఆ బాండ్లు ఎంత భద్రమో చెప్పే సంస్థలిచ్చిన రేటింగు చూశాడు.

"మూడు 'ఏ'లు ఇచ్చినారు సామీ, దానికి మించి లేదంట. ఇంక భయపడే పని లేదు కదా?"

"మఠం బండికి ఎద్దు కావాల. రేపు సంతకు పోయి ఒకదాన్ని తోలుకొని రాప్పా," అని స్వామి మఠం డబ్బు చేతికిచ్చారు.

ఆ సంతలో ఓబులేసు అనే పెద్దమనిషి ఎద్దుల పళ్లూ గిట్టలూ చూసి కొమ్ములకు ఎర్రదారాలు కడతాడు. ఒకటుంటే పర్వాలేదు, రెండుంటే మంచిది, మూడుంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. కొట్రప్ప సంతంతా గాలించి, దారాలను మళ్లీ మళ్లీ లెక్కపెట్టి, మూడున్న ఎద్దునే కొన్నాడు.

సంత దాటాడో లేదో, ఎద్దు రోడ్డు మధ్యలో పడుకుంది. తోక మెలిపెట్టాడు, బతిమాలాడు. లేవలేదు. వెనక లారీ ఆగింది, దాని వెనక బస్సు. బస్సు కిటికీలోంచి ఒకావిడ, "ఎద్దును కొన్నావా అన్నా, స్పీడ్ బ్రేకర్‌ను కొన్నావా?" అని అడిగింది.

కబురంది ఓబులేసు వచ్చాడు. ఎద్దు చుట్టూ తిరిగి, గంభీరంగా తలాడించి, కొమ్ముకున్న దారాల్లో రెండు విప్పి జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయింది."

"ఇప్పుడు విప్పితే నాకేం లాభమప్పా? నేను కొనకముందు విప్పాల కదా!"

"అప్పుడు అది నిలబడే ఉండె. నేను కట్టింది నా అభిప్రాయం. కొనమని చెప్పినానా?"

కొట్రప్పకు అప్పుడు తట్టింది. "నీకు కూలి ఎవరిస్తారు?"

"అమ్మేటోళ్లే. కొనేటోళ్లు ఎప్పుడన్నా ఒక్క రూపాయి ఇచ్చినారా?" నిజంగానే నొచ్చుకున్నాడు ఓబులేసు. "రెండే కడితే ఎద్దును పక్క సంతకు తోలుకుపోతారు. ఆడ ఇంకొకాయన మూడు కడతాడు. నేనూ సంసారం చేసేవాణ్ణే కదప్పా!"

సాయంత్రానికి ఎద్దు ట్రాక్టరులో మఠం చేరింది. దింపగానే వాకిట్లో మళ్లీ పడుకుంది.

"కొనేముందు నాలుగడుగులు నడిపించి చూసినావా?" అడిగారు స్వామి.

"మూడు దారాలు ఉండె సామీ..." కొట్రప్ప తల వంచుకున్నాడు. "మఠం డబ్బు పాయె. నేను తిరిగిస్తాను."

స్వామి కూర్చుని ఎద్దు నోటికి పచ్చగడ్డి అందించారు. అది పడుకునే తింది.

"వద్దులేప్పా," అన్నారు. "ఎద్దు డబ్బు మఠానిది, పోతే పోనీ. ఫీజులు పిల్లలవి."