మొక్కే రాయి, మోసే మట్టి

వెనకటికి రెండు నదుల నడుమ ఒక నగరంలో, ఆకాశాన్నంటే మెట్ల గోపురం కడుతుండేవారు. ఇంటికొక మనిషి వెళ్లి ఇటుకలు మోయాలి. నిన్షా అనే కుమ్మరామె పెద్దకొడుకు అలాగే వెళ్లి, గోడ కూలి దాని కిందే ఉండిపోయాడు. శవాన్ని కూడా తీయకుండా పైన మళ్లీ గోడ కట్టేశారు.

నెల తిరక్కుండానే చిన్నవాణ్ణి పంపమని కబురొచ్చింది.

నిన్షాకి కన్నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి. మనిషెత్తు పచ్చిమట్టి బొమ్మ చేసి, నెత్తిన తట్ట పెట్టి, బండి మీద గోపురం దగ్గరకు తీసుకెళ్లింది.

"ఇదేంటే?" అని నగరాధిపతి మండిపడ్డాడు.

"మా ఇంటి మనిషి, దొరా."

"మట్టిబొమ్మ ఇటుకలు మోస్తుందా? నాతో పరాచికాలా?"

"గుళ్లో తమ రాతిబొమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది కదా దొరా. తమ బదులు అదే రాత్రింబవళ్లు మొక్కుతోందని పూజారిగారే చెప్పారు. బొమ్మ పని చెయ్యదంటే, తమరు ఇన్నేళ్లూ దేవుడికి మొక్కనట్టే మరి."

పక్కనే ఉన్న పూజారి నేలచూపులు చూశాడు. ఆ మాట పదిమందిలో ఒప్పుకోలేక అధిపతి పళ్లు నూరి, "ఆ బొమ్మనే పనిలోకి తీసుకోండి" అన్నాడు.

అలా చిన్నవాడు ఇంట్లో మిగిలాడు.

నిన్షా మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడిచింది. బొమ్మ చేస్తున్నప్పుడు ఆమె అనుకోకుండానే ఆమె చేతులు దానికి పెద్దకొడుకు ముఖం పెట్టేశాయి. వానొస్తే అది కరిగిపోతుంది. ఆ బురదతో మళ్లీ ఇటుకలే కోస్తారు. వాణ్ణి అక్కడ వదిలి ఇంటికి రావడం ఆమెకది రెండోసారి.